జగ్గమ్మ బార

విజయనగరం గుడ్డల బజారులో జగన్నాధం గారి కర్టెన్ల షాపు ఎక్కడని అడిగితే, "జగ్గమ్మ కూకునే షాపేనా?" అని ఎదురడిగి మరీ దారి చూపించేవారు. పెట్టుబడి ఒకరిది, పేరు ఇంకొకరిది. జగన్నాధానికి ఇది కాస్త నామోషీగానే ఉండేది గానీ పైకి నవ్వేసేవాడు. ఆ పేరు మీదే బేరాలు వస్తున్నాయని ఆయనకి తెలియంది కాదు.

ఇంతకీ జగ్గమ్మ గొప్పేమిటయ్యా అంటే, ఆవిడ టేపు ముట్టదు. కిటికీ ఎంత పెద్దదైనా సరే, రాడ్లు బిగించే గంగరాజు నిచ్చెనెక్కి పైనుంచి ఒక తాడు వదిలేవాడు. నేల తాకిన చోట జగ్గమ్మ దాన్ని పట్టుకుని, రెండు చేతులూ బార్లా చాపి కొలిచేది. ఒక బార, మీద ఒక మూర, ఇంకో జాన, అంతే. పైన కింద మడతలకి ఎంత కావాలో కూడా అందులోనే కలిపేసి చెబితే యజమాని పుస్తకంలో రాసుకునేవాడు. గుడ్డ వచ్చాక మళ్లీ ఆ చేతులతోనే కొలిచి కోసేది. పద్దెనిమిదేళ్లలో ఒక్క కర్టెను పొట్టి కాలేదు, ఒక్కటి నేల మీద ఈడ్చలేదు.

ఆ విద్య కుట్టుమిషను దగ్గర నేర్చుకున్నది కాదు. జగ్గమ్మది భావనపాడు, చేపల వేట మీద బతికే ఇల్లు. అక్కడ తాడైనా, వలైనా, నీళ్ల లోతైనా బారల్లోనే చెప్పుకుంటారు. ఎవరి బార వాళ్లది. పొడుగోడిది పొడుగు, పొట్టోడిది పొట్టి. అందుకని వాళ్ల నాన్న ఒకటే మాట అంటుండేవాడు. "కొలిసిన సెయ్యే కొయ్యాల. ఒకలు కొలిసి ఇంకొకలు కోస్తే వల పనికిరాదు." పదేళ్ల పిల్లప్పుడు విన్న ఆ మాట జగ్గమ్మకి శాసనం. మొగుడు ఎర్రన్న ఒక భాద్రపదంలో వేటకెళ్లి మరి తిరిగి రాలేదు. పిల్లాపీచూ లేరు. విజయనగరంలో మిషను కుట్టుకుంటూ బతుకుతున్న అక్క కూర్మమ్మ వెళ్లి, చెల్లెల్ని తీసుకొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది. సముద్రం ఒడ్డు నుంచి జగ్గమ్మ తెచ్చుకున్న ఆస్తి ఏదైనా ఉందంటే ఆ రెండు చేతులే.

షాపులో చేరిన మొదటి రోజు జగన్నాధం ఆవిడ కొలత చూసి నవ్వాడు. టేపు తెచ్చి ఆవిడ చాపిన తాడు మీద పెట్టి చూశాడు. అరవై రెండు అంగుళాలు. మళ్లీ చాపమన్నాడు. అరవై రెండే. సాయంత్రం, అలిసిపోయి ఉన్నప్పుడు చూశాడు. మర్నాడు పరగడుపున చూశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. ఆ రోజు నుంచి బేరానికొచ్చిన ప్రతివాళ్లకీ ఒకటే మాట చెప్పేవాడు. "టేపు సాగుతాది గానీ మా జగ్గమ్మ బార సాగదండి." బజారంతా ఆ మాట పట్టుకుంది. సాగనిది కుంచించుకుపోవచ్చని మాత్రం ఏ మహానుభావుడికీ తట్టలేదు.

హుదూద్ తుపాను వచ్చి పోయిన మూడో ఏడు జగన్నాధం ఇల్లు కట్టాడు. ఊరందరి కిటికీలకీ గుడ్డ అమ్మినవాడు, తను మాత్రం షాపు వెనకాల రెండు చీకటి గదుల్లో ఇరవై ఆరేళ్లు కాపరం చేశాడు. పట్టపగలు లైటేసుకుంటే గానీ బియ్యంలో రాళ్లు కనపడని ఇల్లు అది. అందుకని ఆయన భార్య కమలాదేవి మేస్త్రీతో ఒకటే చెప్పింది, గోడలు తగ్గించి కిటికీలు పెట్టమని. నేల నుంచి లేచి నిలువెత్తు దాటిపోయే నాలుగు పెద్ద కిటికీలు. మూడు హాల్లో, ఒకటి పడగ్గదిలో. తీరా కట్టాక రోడ్డు మీద పోయే ఆటోలోవాళ్లు కూడా తన ఇంట్లోకి చూస్తున్నారని ఆవిడకి భయం పట్టుకుంది. వెలుతురు కావాలి, చూపులు వద్దు. ఈ తగువు తీర్చడానికి జగ్గమ్మని పిలిచారు.

శ్రావణమాసం అది. పాలరాయి పరిచేసి ఉన్నారు, గోడలకి ఇంకా రంగు పడలేదు. గంగరాజు తాడు వదిలాడు. జగ్గమ్మ రెండు చేతులూ చాపింది. ఒకటి, రెండు. మడతలతో కలిపి సరిగ్గా రెండు బారలు. నాలుగు కిటికీలకీ అదే ఎత్తు. కుచ్చులు నిండుగా పడాలంటే కిటికీకి నాలుగేసి చొప్పున పదహారు కర్టెన్లు.

"రెండేసి బారలు, పదారు కర్టెన్లు. రాసీండి బాబూ" అంది.

జగన్నాధం రాసుకున్నాడు. యాభై ఒక్క మీటర్ల తాను తెప్పిస్తే ఓ మూరెడు మిగులుతుంది, మామూలే.

ఆ వారంలోనే, శుక్రవారం తలంటు పోసుకుంటుంటే జగ్గమ్మ చేతికి ఎడమ రొమ్ము పక్కన, చంకకి దగ్గరగా ఒకటి తగిలింది. చింతగింజంత. నొప్పీ లేదు, ఏమీ లేదు. నీళ్ల చెంబు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. అదేమిటో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆరేళ్ల క్రితం కూర్మమ్మకీ ఇలాగే మొదలైంది. కూర్మమ్మ అది కమలాపండంత అయ్యేదాకా దాచి, విశాఖపట్నం వెళ్లి ఆపరేషను చేయించుకుని, ఆరు నెలలకి పోయింది. ఆలస్యంగా వచ్చారని అక్కడి డాక్టర్లు అప్పుడే చెప్పారు. కానీ జగ్గమ్మ మనసులో నాటుకున్నది వేరు. కత్తి తగిలింది కాబట్టి పాకింది, లేకపోతే అక్క ఇంకో పదేళ్లు బతికేది. ఈ మాట ఎవరు కాదన్నా ఆవిడ వినేది కాదు.

అయినా మూర్ఖురాలు కాదు. వెళ్లాలని తెలుసు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఎవరితోనూ అనలేదు గానీ, తనకి తానే ఒక గడువు పెట్టుకుంది. అమ్మగారి కర్టెన్లు అయిపోగానే వెళ్తాను. ఆసుపత్రిలో ఏమన్నా అయితే కొలిచిన చెయ్యి కొయ్యదు కదా. ఎవరో వచ్చి తన బారకి తమ బార పెట్టి పదహారూ పాడు చేస్తారు. గుడ్డ వారంలో వస్తుంది, పది రోజుల్లో కుట్టేస్తుంది. భాద్రపదం దాటకుండా వెళ్లిపోవచ్చు. భయానికి సాకు దొరికితే దాన్ని మించిన సుఖం ఇంకోటి లేదు.

గుడ్డ వారంలో రాలేదు. దానికి కారణం కమలాదేవి. ఆవిడని అనడానికి కూడా నోరు రాదు, ఎందుకంటే ఆవిడ చేసింది జగ్గమ్మ చెప్పిందే.

మొదట ఆవిడ షాపులో కూర్చుని ఆకుపచ్చ ఎంచింది. జగ్గమ్మే ఆపింది. "ఇక్కడ ట్యూబ్‌లైటు కింద సూసి ఎంచకండమ్మా. ముక్కట్టుకెల్లి కిటికీ కాడ యేలాడదీసి, పొద్దున్నోపాలి, సాయంత్రమోపాలి సూడండి. మీది పడమటి కిటికీ. సాయంత్రం ఎండకి రంగు మారిపోద్ది." ముక్క తీసుకెళ్లి చూస్తే నిజమే, సాయంత్రం ఎండలో హాలంతా పాచిపట్టిన నుయ్యిలా తయారైంది. అది వద్దన్నారు. తరవాత లేత నీలం. అది పొద్దున్న బాగుంది, కానీ పల్చన. లోపల దీపం పెడితే రోడ్డు మీదకి మనిషి నీడ పడుతుందని జగ్గమ్మే చెప్పింది. కమలాదేవికి నిద్రపట్టలేదు. ఒకసారి తెప్పించిన తానుని కూడా విప్పకుండా సూరత్‌కి వెనక్కి పంపించేశారు. ఇల్లు కట్టి చూడమన్నారు గానీ, కట్టిన ఇంటికి కర్టెన్లు ఎంచి చూడమని పెద్దలు ఎందుకు చెప్పలేదో తెలీదు.

"నీకు విసుగొస్తందేమో జగ్గమ్మా" అనేది కమలాదేవి.

"నాకేటమ్మా, జన్మకో ఇల్లు. నిదానంగా సూసుకోండి" అనేది జగ్గమ్మ.

నిదానంగానే చూసుకున్నారు. భాద్రపదం పోయింది. దసరా వచ్చింది. పైడితల్లమ్మ సిరిమాను ఊరేగింపు నాడు జనంలో నిలబడి దండం పెట్టబోతే జగ్గమ్మ ఎడమ చెయ్యి నుదుటి దాకా లేవలేదు. కుడి చేత్తోనే మొక్కింది. అమ్మవారికి తప్ప ఎవరికీ తెలీదనుకుంది. చింతగింజ వక్కకాయంత అయింది, దాని మీద చర్మం లోపలికి లాక్కుపోయింది. చంకలో తాడు బిగించి కట్టినట్టుండేది. ఎండు మిరపకాయల కాపడం, నూనె మర్దనా, ఏదో పసరూ అన్నీ అయ్యాయి. మిషను మీద వంగి కుట్టేటప్పుడు చెయ్యి ఎత్తక్కర్లేదు, ఈలోగా వచ్చినవన్నీ కుడి చేతి మూరతో సరిపోయే చిన్న కిటికీలే, కాబట్టి షాపులో ఎవరికీ అనుమానం రాలేదు.

చివరికి కమలాదేవికి నచ్చింది దొరికింది. గోధుమవన్నె మీద ఇటుకరంగు ఆకులు, మందపాటి నేత. తిరగేసి చూస్తే ఇటుకరంగు మీద గోధుమవన్నె ఆకులు. పొద్దున బాగుంది, సాయంత్రం ఇంకా బాగుంది. తాను వచ్చేసరికి కార్తీకం సగం అయింది. గృహప్రవేశానికి ఇంకా పన్నెండు రోజులే ఉంది.

జగ్గమ్మ బల్ల మీద తాను పరిచి, కుడి చేత్తో అంచు పట్టుకుని, ఎడమ చెయ్యి చాపింది. చంకలోంచి మెడ దాకా నిప్పు పాకింది. పళ్లు బిగించి ఇంకాస్త చాపింది. ఇంక రాదు అన్న చోట ఆగింది. ఇదే నా బార అనుకుంది. ఎన్నేళ్లుగానో అంతే కదా, చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడే బార. ఆగిన చోటు మారిందని చెయ్యి చెప్పదు, నొప్పి మాత్రమే చెబుతుంది. ఒకటి, రెండు, కత్తెర. ఒకటి, రెండు, కత్తెర. పదహారూ కోసేసరికి ఒళ్లంతా చెమటలు పట్టి గోడకి జారబడింది.

అప్పుడు చూసింది బల్ల మీదకి. తాను అయిపోలేదు. ఇంకా బోలెడు గుడ్డ ఉంది, దగ్గర దగ్గర నాలుగు మీటర్లు. పద్దెనిమిదేళ్లలో మూరెడుకి మించి ఎప్పుడూ మిగల్లేదు.

జగన్నాధం అటుగా వచ్చి సంతోషపడ్డాడు. "సూరతోడు ఎక్కువే ఏసినట్టున్నాడు. దిండ్లకి గలీబులు కుట్టీ."

"అలాగే బాబూ" అంది జగ్గమ్మ.

ఆ గుడ్డ మడిచి అలమర అడుగున పెట్టేసింది. తెలిసింది ఆవిడకి. ఇక్కడ మనం అబద్ధం చెప్పుకోనక్కర్లేదు. మిగిలిన గుడ్డ చూసిన క్షణంలోనే అది ఎక్కడినుంచి మిగిలిందో తెలిసింది. ఒక్కసారి టేపు పెట్టి చూస్తే సరిపోయేది. కానీ అలా చూస్తే, కురచ అయింది కర్టెనొకటే కాదని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే వెళ్లాలి. వెళ్తే కత్తి. అందుకని కర్టెన్లు కుట్టింది. పైన మడత, కింద మడత, కుచ్చులు, కొక్కేలు. ఎంతో అందంగా కుట్టింది. కోసిన గుడ్డ మళ్లీ పెరుగుతుందేమోనన్నట్టు రోజుకి రెండేసి చొప్పున ఆఖరి రోజు దాకా కుట్టింది.

గృహప్రవేశం రేపు తెల్లవారుజామున అనగా, ముందురోజు ఉదయం ఎనిమిదింటికి గంగరాజు హాల్లో మొదటి కిటికీకి కర్టెన్లు వేలాడదీశాడు. నిచ్చెన దిగి వెనక్కి నడిచి చూశాడు. చూసి నోట్లో బీడీ తీసేశాడు.

కర్టెను నేలకి ఎనిమిదంగుళాల ఎత్తున ఆగిపోయింది. ఎదిగిన పిల్లాడికి నిరుటి పంట్లాం తొడిగినట్టుంది. ఆ సందులోంచి గుమ్మం ముందు తోరణాలు కడుతున్నవాళ్ల కాళ్లు కనిపిస్తున్నాయి. రెండో కిటికీకి వేశాడు. అంతే. మూడోదీ అంతే.

జగన్నాధం వచ్చాడు. చూసి నేరుగా గంగరాజు మీద పడ్డాడు.

"రాడ్డు ఎత్తుకి బిగించీసినావురా. గుర్తు పెట్టిన కాడ కాకండా పైకి ఎందుకెట్టినావు?"

"గుర్తు కాడే ఎట్టినాను బాబూ. సూడండి, పెన్సిలు గీత ఇంకా ఉన్నాది." గంగరాజు తన టేపు తీసి రాడ్డు నుంచి నేల దాకా పట్టాడు. "నూట పద్నాలుగు అంగుళాలు, మీద మడతలకి పది. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే."

"అయితే గుడ్డే తక్కువుంటాదా? ఎవులు కోసినారనుకున్నావు? ఆ టేపు పారేయ్, సాగిపోయుంటాది."

"బాబూ, కొత్త టేపు."

"నోర్ముయ్. పద్దెనిమిదేళ్లు తప్పని బార ఇయ్యాల నా ఇంటికాడే తప్పుతాదా? రేపొద్దున్న ఊరంతా వస్తాది. ఇన్నాళ్లు అందరికీ కర్టెన్లు అమ్మినోడి ఇంట్లో కర్టెన్లు మోకాళ్ల మీదకున్నాయని నవ్విపోతారు. నువ్వు మరి నా షాపు మెట్టెక్కకు."

గంగరాజు డ్రిల్లింగ్ మిషను వైరు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. వాడికి ఆ షాపే దిక్కు. తప్పు తనది కాదని వాడి చేతిలో ఉన్న టేపు చెబుతోంది, కానీ ఆ ఇంట్లో టేపు మాట ఎవడు వింటాడు.

జగ్గమ్మ గుమ్మం పక్కన నిలబడి ఇదంతా చూస్తోంది. భయం ఒక పక్క, సిగ్గు ఒక పక్క. తనని సొంత అక్కలా అప్పా అప్పా అని పిలుస్తూ పద్దెనిమిదేళ్లుగా పైనుంచి తాడు వదిలినవాడు వాడు. వాడు సంచీ భుజాన వేసుకునేదాకా ఆగింది. ఇంక ఆగలేకపోయింది.

"ఒరే గంగా, ఆగు. ఆ టేపట్టుకుని ఇటు రా."

వాడు వచ్చాడు.

"నన్ను కొలు."

"ఏటప్పా?"

"నా బార కొలు. బాబు సూస్తారు."

కిటికీ ముందుకి వెళ్లి నిలబడి రెండు చేతులూ చాపింది. కుడి చెయ్యి ఎప్పటిలాగే తిన్నగా వెళ్లింది. ఎడమ చెయ్యి భుజం దాకా కూడా లేవలేదు, మోచేయి వంగి ఆగిపోయింది. గంగరాజు ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా టేపు పట్టాడు. చూసి, నమ్మకం కుదరక మళ్లీ పట్టాడు.

"యాభై ఎనిమిది" అన్నాడు, ఎవరికీ వినిపించకూడదన్నట్టుగా.

బారకి నాలుగు తక్కువ. రెండు బారలకి ఎనిమిది.

"శ్రావణంలో పాత సేత్తో కొలిసినాను బాబూ. కార్తీకంలో ఈ సేత్తో కోసినాను" అంది జగ్గమ్మ. "ఆడి తప్పేటీ నేదు. గుడ్డ మిగిలినప్పుడే నాకు తెలిసినాది. సెప్పడానికి దైర్నం సాల్లేదు."

జగన్నాధం గంగరాజు భుజం మీది సంచీ తీసి కింద పెట్టాడు. కేకలు విని హాల్లోకి వచ్చిన కమలాదేవి మాత్రం ఆ చెయ్యి వైపే చూస్తోంది. ఆడమనిషి కదా, చెయ్యి ఎందుకు లేవట్లేదో అడగలేదు. జగ్గమ్మని పడగ్గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసి, పైట తియ్యమంది. చూసింది. చూసి, మంచం కూడా లేని ఆ కొత్త గదిలో పాలరాయి మీద కూలబడింది.

"ఎప్పట్నించి?"

"మీ కిటికీలు కొలిసిన వారంలో సూసుకున్నానమ్మా. అప్పుడు సింతగింజంతే."

"మరి ఎందుకెళ్లలేదే?"

"కర్టెన్లు అయిపోనాక ఎల్దామనుకున్నాను."

కమలాదేవి వేళ్ల మీద లెక్క పెట్టుకుంది. ఆకుపచ్చకి పది రోజులు. నీలానికి ఇరవై. వెనక్కి పంపిన తానుకి నెల. ఆ లెక్క ఆవిడ తరవాత జీవితమంతా పెట్టుకుంటూనే ఉంది, ఎన్నిసార్లు పెట్టినా ఒకలాగే వచ్చేది. "నన్ను నిదానంగా సూసుకోమన్నావు కదే" అని మాత్రం అంది, ఏడుస్తూ. జగ్గమ్మే ఆవిడ వీపు నిమిరింది, కుడి చేత్తో.

ఇప్పుడే కారులో విశాఖపట్నం వెళ్దామంది కమలాదేవి. జగ్గమ్మ వినలేదు. రేపు ముహూర్తం పెట్టుకుని ఇంటి ఇల్లాలు ఆసుపత్రికి పోతుందా, పైగా కొలిచిన చెయ్యే కొయ్యాలి కదా. అలమర అడుగున దాచిన గుడ్డ గంగరాజు చేత తెప్పించింది. పదహారు పట్టీలు కోస్తే సరిగ్గా సరిపోయింది. మామూలుగా కలిపి కుడితే అతుకు అని తెలిసిపోతుంది. కొత్తింట్లో అతుకు చూస్తే నలుగురూ నాలుగు మాటలు అంటారు. అందుకని గుడ్డని తిరగేసింది. గోధుమవన్నె కర్టెను కింద ఇటుకరంగు అంచు. మిషను అక్కడికే తెచ్చారు. గంగరాజు టేపు పెట్టి గీత గీశాడు, కమలాదేవి గుడ్డ జరిపింది, జగ్గమ్మ కుట్టింది. దీపాలు పెట్టే వేళకి పదహారూ నేలని తాకాయి.

మర్నాడు ఊరంతా వచ్చింది. పాలు పొంగించారు, భోజనాలు పెట్టారు. వచ్చిన ఆడవాళ్లందరూ ముందు కర్టెన్ల అంచు పట్టుకుని చూశారు. ఈ డిజైను ఎక్కడిది, హైదరాబాదు నుంచి తెప్పించారా అని అడిగారు. కమలాదేవి ఎవరికీ సరిగ్గా జవాబు చెప్పలేకపోయింది. గొప్పింటి గర్వం అనుకున్నారు.

ఆ మూడో రోజు కమలాదేవే విశాఖపట్నం తీసుకెళ్లింది. అక్కడి డాక్టరు చిన్నవాడే, నెమ్మదైనవాడు. పరీక్షలన్నీ అయ్యాక, ఇది ఎప్పుడు మొదలైందో, చెయ్యి ఎప్పటినుంచి లేవట్లేదో అడిగాడు.

"తారీకులు నాకు తెలీవు బాబూ. శ్రావణంలో నా బార అరవై రెండు. కార్తీకంలో యాభై ఎనిమిది. మీరే కట్టుకోండి లెక్క" అంది జగ్గమ్మ.

డాక్టరు ఆ రెండు అంకెలూ కాగితం మీద రాసుకున్నాడు. శ్రావణంలో వచ్చి ఉంటే కోసి తీసేసేవాళ్లమన్నాడు. ఇప్పుడు ఎముకల్లోకి దిగింది, కొయ్యడం వల్ల లాభం లేదన్నాడు. నొప్పికి మందులు రాస్తానన్నాడు. ఆరేళ్లుగా ఏ కత్తికి భయపడి రాత్రీ పగలూ గింజుకుందో, ఆ కత్తి ఇంక తన జోలికి రాదన్నమాట. జగ్గమ్మకి అది విని నవ్వొచ్చింది, వెంటనే దుఃఖం ముంచుకొచ్చింది. కోయమని ఆ కుర్ర డాక్టరు కాళ్లు పట్టుకుంది. కమలాదేవి లేవదీసింది.

ఇంట్లో కూర్చుని ఏం చెయ్యాలో తోచక మళ్లీ షాపుకే వచ్చింది. జగన్నాధం వద్దనలేదు. ఆ సాగని బార మాట ఆయన మరెప్పుడూ ఎవరితోనూ అనలేదు. గంగరాజు తన టేపు ఆవిడ మెడలో వేశాడు. కోతంతా వాడే కోసేవాడు, ఆవిడ కూర్చుని కుట్టగలిగినంత కుట్టేది. ఒక చేత్తో గుడ్డ నెట్టడం కొన్నాళ్లకి అలవాటైంది. తమాషా ఏమిటంటే, ఆ తిరగేసిన అంచు ఊళ్లో ఫ్యాషనైపోయింది. శృంగవరపుకోట నుంచి కూడా వచ్చి అడిగేవాళ్లు. అడిగినప్పుడల్లా జగన్నాధం లోపలికి లేచి వెళ్లిపోయేవాడు.

మాఘమాసంలో ఝాన్సీ అని ఒకావిడ వచ్చింది. కమలాదేవి ఇంటికి ఎదురిల్లు కట్టుకున్నావిడ.

"కమలాదేవి గారింట్లో కర్టెన్లకి కింద అంచేసినావు కదా, అదెంత?"

"ఎనిమిదంగుళాలమ్మా."

"మాకు పది పెట్టు. ఎదురుబొదురు ఇళ్లు, వాళ్లకంటే ఓ రెండైనా ఎక్కువుండాలి."

జగ్గమ్మ మిషను ఆపింది. అప్పటికి మనిషి బాగా చిక్కిపోయింది. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుడి చేత్తో చెమట తుడుచుకుంది.

"ఎనిమిది సాలమ్మా" అంది. "ఆ ఎనిమిదీ రాడానికే నాకు మూడు నెల్లు పట్టినాది. పది దాకా అంత టైము నాకు నేదు."

"అయ్యో, పెళ్లిళ్ల రోజులు కదా, మీకూ పనెక్కువే. సరే, ఎనిమిదే పెట్టీ" అంది ఝాన్సీ.

జగ్గమ్మ మెడలో టేపు తీసి ఒక కొస పంటితో పట్టుకుంది. రెండో కొస కుడి చేత్తో లాగి, ఎనిమిది దగ్గర బొటనవేలు పెట్టి ఆపి, గంగరాజుని సుద్దముక్క తెమ్మంది.